బ్రౌజరే కంప్యూటరైతే

(దక్షిణ ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్‌లో చాలా ఏళ్లుగా కంప్యూటర్లు అమ్ముతూ, బాగుచేస్తూ బతికిన తెనాలి మనిషి బావ. పశ్చిమ ఢిల్లీలో ఒక స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు బావమరిది. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి ఉచిత అప్‌డేట్లు ఆపేసింది. స్కూలు ల్యాబులో ఉన్నవన్నీ ఆ కాలపు మిషన్లే. వాటిలో గూగుల్ వారి క్రోమ్ ఓఎస్ ఫ్లెక్స్ ఎక్కిద్దామని స్కూలు కమిటీకి ఉత్తరం రాసి, పంపేముందు సంతకం కోసం బావకి చూపించాడు బావమరిది. చూపించకుండా పంపి ఉంటే ఈ వాదన పుట్టేది కాదు.)

బావమరిది: లెక్క చాలా తేలిక బావా. మా మిషన్లలో ఉన్నవి ఏడో తరం ఇంటెల్ చిప్పులు. విండోస్ 11 ఎక్కాలంటే ఎనిమిదో తరమైనా ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి. కొత్తవి కొనడానికి స్కూలు దగ్గర డబ్బు లేదు. ఫ్లెక్స్ ఉచితం. 2022లో గూగుల్ దాన్ని సరిగ్గా ఇలాంటి పాత కంప్యూటర్ల కోసమే విడుదల చేసింది. 4 జీబీ ర్యామ్ చాలు. ఒక్క పెన్‌డ్రైవ్‌తో ల్యాబంతా లేచి కూర్చుంటుంది.

బావ: లేచి కూర్చుంటుంది సరే, కూర్చుని ఏం చేస్తుంది? తెరిస్తే బ్రౌజరు, మూస్తే బ్రౌజరు. నెట్ పోయిన రోజున పిల్లలకి ఏం చూపిస్తావు?

బావమరిది: ఈ ప్రశ్న మీరడుగుతారని తెలుసు. 2009 జూలై 7న గూగుల్ తరఫున సుందర్ పిచాయ్, లైనస్ అప్సన్ క్రోమ్ ఓఎస్ గురించి ప్రకటించిన రోజు నుంచీ అందరూ అడిగింది ఇదే. వాళ్లు చెప్పిన కారణం మాత్రం ఎవరూ సరిగ్గా వినలేదు. ఇప్పుడున్న ఆపరేటింగ్ సిస్టమ్‌లన్నీ వెబ్ పుట్టక ముందు తయారైనవి, జనం కాలమంతా గడిపేది బ్రౌజర్‌లో, కాబట్టి దాని చుట్టూనే కొత్తగా ఒకటి కడదాం అన్నారు. త్వరగా తెరుచుకోవాలి, వైరస్‌ల బెడద ఉండకూడదు, అప్‌డేట్లు వాటంతటవే పడాలి. ఇందులో తప్పేముంది?

బావ: తప్పని నేననలేదు. కొత్తది కాదంటున్నాను. 1995లోనే ఒరాకిల్ ల్యారీ ఎల్లిసన్ నెట్‌వర్క్ కంప్యూటర్ అని ఊరంతా చాటాడు. పీసీ పనైపోయింది, అన్నీ సర్వర్‌లో ఉంటాయి, చేతిలో చవక పెట్టె ఉంటే చాలన్నాడు. సన్ కంపెనీ 1996లో జావాస్టేషన్ తెచ్చింది. రెండూ నిలబడలేదు. అందుకే 2009లో గూగుల్ మళ్లీ అదే పాట మొదలుపెడితే పాత కాపులంతా నవ్వారు. మైక్రోసాఫ్ట్ స్టీవ్ బామర్ ఆ నెలలోనే వెక్కిరించాడు, ఆండ్రాయిడ్ ఒకటి చేతిలో ఉండగా ఒకే కంపెనీకి రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఎందుకని.

బావమరిది: పోటీదారుడు మెచ్చుకుంటాడా? అదే మైక్రోసాఫ్ట్ 2013లో ‘పాన్ స్టార్స్’ టీవీ షో వాళ్లతో ప్రకటన తీయించింది. ఒకామె క్రోమ్‌బుక్ తాకట్టుకు తెస్తే, నెట్ లేకపోతే ఇది ఇటుకతో సమానమని కొట్టు యజమాని తిప్పి పంపుతాడు. ఆ ప్రకటన వచ్చిన రెండు మూడేళ్లకే అమెరికా స్కూళ్లు కొంటున్న పరికరాల్లో సగానికి పైగా క్రోమ్‌బుక్‌లే అయ్యాయి. ఇటుకలని తెలిసి కొన్నారా వాళ్లు?

బావ: అమెరికా స్కూల్లో వైఫై పోతే అది వార్త. ఇక్కడ? 2013 అక్టోబరులో హెచ్‌పీ, ఏసర్ క్రోమ్‌బుక్‌లు మన దేశానికి వచ్చినప్పుడు ఏసర్ ధర 22,999 రూపాయలు. అప్పుడు ఢిల్లీలో నెట్ అంటే ఎంటీఎన్‌ఎల్ లైను, లేదా డాంగిల్. వేసవిలో కరెంటు పోతే రౌటరూ పోయేది. అదే ధరకి విండోస్ ల్యాప్‌టాప్ పక్కనే ఉంటే, నెట్ లేనప్పుడు చూస్తూ కూర్చునే పెట్టెను ఎవడు కొంటాడు?

బావమరిది: ఆ ఢిల్లీ ఇప్పుడు లేదు. 2016 సెప్టెంబరు 5న జియో వచ్చింది. ఆ తర్వాత మీ గుమాస్తా కుర్రాడు భోజనం చేస్తూ క్రికెట్ చూస్తున్నాడు. పైగా గూగుల్ డాక్స్ నెట్ లేకపోయినా పనిచేస్తుంది, లైన్ వచ్చాక కలుపుకుంటుంది. 2009 నాటి భయాన్ని 2025లో చెప్పకండి.

బావ: 2019 డిసెంబరు 19 గుర్తుందా? పౌరసత్వ చట్టం మీద నిరసనలు జరుగుతుంటే ప్రభుత్వ ఆదేశం మీద ఢిల్లీలో కొన్ని ప్రాంతాల్లో మొబైల్ సేవలు ఆపేశారు. 2021 జనవరి 26న రైతుల ట్రాక్టర్ల ర్యాలీ రోజు సింఘు, ఘాజీపూర్, టిక్రీ సరిహద్దుల్లో నెట్ ఆపారు. కేబుల్ తెగి కాదు, కాగితం మీద ఉత్తర్వు వచ్చి ఆగింది. దేశ రాజధానిలోనే. లైన్ వేగం పెరిగినంత మాత్రాన లైన్ మన చేతికి వచ్చినట్టు కాదు.

బావమరిది: ఆ రోజు విండోస్ కంప్యూటర్ ఉన్నవాళ్లు మాత్రం ఏం చేశారు? యూపీఐ లేదు, క్యాబ్ లేదు, మెయిల్ లేదు. నెట్ ఆగితే ఊరే ఆగుతుంది. ఆ నేరం ఒక్క క్రోమ్ మీదే మోపితే ఎలా?

బావ: నా కస్టమర్ ట్యాలీ తెరిచి లెక్కలు రాసుకున్నాడు. ఊరు ఆగినా దుకాణం ఆగలేదు. అయినా సరే, నెట్ సంగతి వదిలేద్దాం. నిజంగానే ఇప్పుడది పెద్ద అడ్డు కాదు. అసలు అడ్డు ఎక్కడుందో నాకు 2014లో కనిపించింది, ఈ నెహ్రూ ప్లేస్‌లోనే.

బావమరిది: ఫైర్‌ఫాక్స్ ఫోను సంగతేనా?

బావ: అదే. 2014 ఆగస్టు 25న ఇంటెక్స్ క్లౌడ్ ఎఫ్ఎక్స్ వచ్చింది. ధర 1,999 రూపాయలు. ఇంటెక్స్ అంటే ఢిల్లీ కంపెనీ, నరేంద్ర బన్సల్ 1996లో పెట్టింది. ఆయన వ్యాపారం మొదలైంది మన నెహ్రూ ప్లేస్ కొట్ల మధ్యే. అందుకే ఇక్కడ అందరూ మనవాడి ఫోనన్నట్టు చూశారు. అదే నెలలో నోయిడా స్పైస్ వాళ్లు 2,299కి ఇంకొకటి తెచ్చారు. రెండింటిలోనూ మొజిల్లా వాళ్ల ఫైర్‌ఫాక్స్ ఓఎస్. నువ్వు మెచ్చుకునే సిద్ధాంతమే అది, ఇంకా పచ్చిగా. ఫోన్లో ఉన్న ప్రతి యాప్ ఒక వెబ్ పేజీ. డయలర్ కూడా హెచ్‌టీఎంఎల్‌లో రాసిందే. గూగుల్ కబ్జా లేదు, యాపిల్ కబ్జా లేదు, వెబ్ అందరిదీ అన్నారు.

బావమరిది: ఆ ఫోన్లో 128 ఎంబీ ర్యామ్ పెట్టారు బావా. కెమెరా 2 మెగాపిక్సెల్. 3జీ లేదు. వెబ్ ఫోనుకు 2జీ ఇచ్చి, వెబ్ పనిచేయలేదంటే ఎలా? అక్షరం నొక్కితే తెర మీదికి రావడానికే ఆలోచించేది. ఆ తప్పు పరికరానిది, సిద్ధాంతానిది కాదు.

బావ: నెమ్మదిగా ఉందని తిట్టారు, నిజమే. కానీ రెండు వేల ఫోను నెమ్మదిగా ఉంటుందని కొనేవాడికి తెలుసు. కౌంటర్ దగ్గర నిలబడి ఒక్కటే అడిగేవాడు: ఇందులో వాట్సాప్ ఉందా? లేదు. ఎవరో బయటివాళ్లు చేసిన యాప్‌తో ఏదోలా చూడొచ్చని చెప్పేవాళ్లం. అంతే, పెట్టె వెనక్కి తోసేసేవాడు. నెట్ లేదని కాదు, ర్యామ్ లేదని కాదు. తన వాళ్లంతా ఉన్న చోటికి ఈ ఫోను వెళ్లలేదని. వెబ్ అందరిదీ అయితే కావచ్చు, కానీ మన జనం వెబ్‌లో లేరు, వాట్సాప్‌లో ఉన్నారు. ఆ వాట్సాప్ ఎక్కడికి రావాలో తేల్చేది మొజిల్లా కాదు, ఇంటెక్స్ కాదు, నేను అంతకంటే కాదు.

బావమరిది: మరి అదే నెల తిరక్కుండా ఏం జరిగిందో కూడా చెప్పండి. 2014 సెప్టెంబరు 15న పిచాయ్ ఢిల్లీకే వచ్చి ఆండ్రాయిడ్ వన్ ఫోన్లు విడుదల చేశారు. మైక్రోమ్యాక్స్, కార్బన్, మీ నోయిడా స్పైస్, మూడు కంపెనీలు. ధర 6,399. అంటే ఒకే స్పైస్ ఇటు ఫైర్‌ఫాక్స్, అటు ఆండ్రాయిడ్. వెనకాల నిలబడే ఓపిక లేని కంపెనీ చేతిలో ఏ సిద్ధాంతమైనా ఓడిపోతుంది. 2015 డిసెంబరులో మొజిల్లా కూడా ఫోన్ల నుంచి తప్పుకుంది.

బావ: తప్పుకుంది. 2018లో యాప్‌ల బజారు కూడా మూసేసింది. కొన్నవాడి చేతిలో ఫోను మిగిలింది.

బావమరిది: అక్కడితో ఆపితే కథ సగమే. ఫైర్‌ఫాక్స్ ఓఎస్ కోడ్ బహిరంగంగా ఉంది కాబట్టి వేరేవాళ్లు తీసుకుని కైఓఎస్ చేశారు. 2017 జూలై 21న ముఖేష్ అంబానీ చూపించిన జియోఫోన్‌లో ఉన్నది అదే. 1,500 రూపాయల డిపాజిట్. కోట్లమంది చేతికి వెళ్లింది. 2018 సెప్టెంబరులో వాట్సాప్ కూడా నడిచొచ్చింది. మీ కౌంటర్ దగ్గర ఓడిపోయిన సిద్ధాంతమే పేరు మార్చుకుని దేశమంతా తిరిగింది. కోడ్ తెరిచి ఉంటే చచ్చినా మళ్లీ పుడుతుంది, మీరే ఒప్పుకోవాలి.

బావ: ఒప్పుకుంటాను, ఇంకో ముక్క కలిపి. 2024 జూన్ తర్వాత కైఓఎస్ ఫోన్లలో వాట్సాప్ కొత్తగా ఎక్కించుకోవడం ఆపేశారు. అప్పటికే ఉన్నవాళ్లకి 2025 మొదటిదాకా గడువిచ్చారు. వచ్చింది కోట్లమందిని చూసి, వెళ్లింది కూడా లెక్క చూసుకునే. ఫోను పాడవలేదు, సిగ్నల్ పోలేదు, బ్యాటరీ ఉంది. అయినా ఆ ఫోను మీద ఆధారపడ్డ మనిషికి ఒక పొద్దున ఊరంతా మాట్లాడుకునే చోటు మూసుకుపోయింది. కోడ్ తెరిచి ఉండి ఏం లాభం, మనుషులున్న తలుపు వేరేవాడి చేతిలో ఉంటే?

బావమరిది: ఈ దెబ్బ ఫోనుకు తగిలింది. నేను అడుగుతున్నది ల్యాబు గురించి. క్రోమ్‌లో వాట్సాప్ వెబ్ తెరుచుకుంటుంది, మా పిల్లలకి అదీ అక్కర్లేదు. మాకు కావలసింది పాఠాలు, పైథాన్ నేర్చుకోవడానికి ఒక పేజీ, ప్రాజెక్టు రాసుకోవడానికి ఇంకో పేజీ. అంతే.

బావ: 2015 ఏప్రిల్‌లో 12,999కి క్రోమ్‌బుక్ వచ్చినప్పుడూ ఇలాగే అన్నారు. జోలో, నెక్సియన్ పేర్లతో. జోలో అంటే నోయిడా లావా వాళ్లదే. చిన్నది, 2 జీబీ ర్యామ్, ముచ్చటగా ఉంది. వచ్చిన వాళ్లు ఏం అడిగారో చెప్పనా? ట్యాలీ నడుస్తుందా, లేదు. సీఏ ఆఫీసులో డిజిటల్ సంతకం డాంగిల్ పెడితే గుర్తుపడుతుందా, అదీ లేదు. మన తెలుగు సంఘం వాళ్లు సావనీర్ పేజీలు తెచ్చారు, అను ఫాంట్లు, పేజ్‌మేకర్. తెరుచుకోదు. ముగ్గురికి మూడుసార్లు లేదన్నాక నాలుగోవాడికి నేనే చూపించడం మానేశాను.

బావమరిది: మంచి చోటికి వచ్చారు. తెలుగు మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. కంప్యూటర్లో తెలుగుని బతికించింది మీ ఆపరేటింగ్ సిస్టమా, బ్రౌజరా? ఒకప్పుడు ఈనాడు సైటు తెరవాలంటే ఈనాడు ఫాంటు, ఇంకో పత్రిక తెరవాలంటే దాని ఫాంటు. ఫాంటు లేని మిషన్‌లో తెరిస్తే పిచ్చి గీతలు. అప్పుడు ఫైర్‌ఫాక్స్‌లో పద్మ అనే పొడిగింత వేసుకుంటే ఆ గీతలన్నీ యూనికోడ్ తెలుగుగా మారి కనిపించేవి. పరాయి ఊళ్లో ఉన్న మనవాళ్లం పత్రికలు చదివింది ఆ బ్రౌజర్ పుణ్యాన. ఇవాళ ఫ్లెక్స్ ఎక్కించిన మిషన్ తెరవగానే నోటో ఫాంటుతో తెలుగు సిద్ధంగా ఉంటుంది, టైపింగూ అందులోనే ఉంటుంది. మా క్లాసు పిల్లాడు తాతయ్యకి తెలుగులో ఉత్తరం రాయాలంటే మీ దగ్గర ఫాంటు డబ్బా కొనక్కర్లేదు.

బావ: ఇది బాగా చెప్పావు. అను ఫాంట్లలో చిక్కుకున్న పాత సావనీర్లు వెతకడానికి కూడా పనికిరావు, ఆ బాధ నాకూ తెలుసు. అయితే యూనికోడ్ చేసిన మేలు అది. లైనక్స్‌లోనూ అదే తెలుగు వస్తుంది. హైదరాబాదు స్వేచ్ఛ సంస్థ వాళ్లు ఎన్నో ఏళ్ల కిందటే తెలుగు లైనక్స్ చేశారు.

బావమరిది: అంటే మీరు చెప్పే మందు లైనక్సా? దుకాణానికి రాబడి ఏముంటుంది అందులో?

బావ: వెటకారం అర్థమైంది. అడిగెయ్.

బావమరిది: అడుగుతాను. అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం పైరసీకి పేరుపడ్డ బజార్ల జాబితా వేసినప్పుడు మన నెహ్రూ ప్లేస్ పేరు ఎన్నో ఏళ్లు అందులో ఉంది. సీడీ తెచ్చి విండోస్ ఎక్కించడం, వైరస్ వచ్చిందని ఫార్మాట్ కొట్టడం, ఆరు నెలలకి మళ్లీ అదే. ఈ చక్రం మీదే బజారు నడిచింది. పిచాయ్ 2009లో వైరస్‌లు, మాల్‌వేర్, అప్‌డేట్ల గొడవ ఉండకూడదన్నది సరిగ్గా ఈ చక్రాన్ని చూసే. క్రోమ్ ఓఎస్ తెరుచుకునే ముందు తనను తాను పరీక్షించుకుంటుంది, చెడిపోయి ఉంటే మంచి కాపీతో మొదలవుతుంది. మెకానిక్ అక్కర్లేని యంత్రాన్ని మెకానిక్ మెచ్చుకోడు కదా?

బావ: ఆ ఫార్మాట్ డబ్బుతోనే మీ అక్క ఇద్దరు పిల్లల్ని చదివించింది, ముందు అది గుర్తుపెట్టుకో. రెండోది, నువ్వు చెప్పిన ఆ స్వీయ పరీక్ష గూగుల్ భద్రతా చిప్పు ఉన్న క్రోమ్‌బుక్‌లకు. నువ్వు ఎక్కించబోయేది మామూలు పీసీలో ఫ్లెక్స్. అందులో ఆ చిప్పు ఉండదు, ఆ హామీ కూడా అంతే గట్టిగా ఉండదు. ఆండ్రాయిడ్ యాప్‌లూ రావు. ఉత్తరంలో క్రోమ్‌బుక్ గుణాలన్నీ రాసి ఫ్లెక్స్ పేరు పెట్టావు. ఇది నేను అమ్మకంలో చేస్తే మోసమంటారు.

బావమరిది: అది దిద్దుతాను. కానీ లైనక్స్ అన్నారే, ఎవరు చూసుకుంటారు దాన్ని? ప్రింటర్ మొరాయిస్తే, ఒక మిషన్‌లో ధ్వని రాకపోతే, అప్‌డేట్ మధ్యలో ఆగితే? ల్యాబుకి నేనొక్కణ్ణి. రోజుకి ఆరు క్లాసులు. ప్రభుత్వ సంస్థ సీడాక్ వాళ్ల బాస్ లైనక్స్ 2007 నుంచి ఉంది కదా, మరి ఢిల్లీ స్కూళ్లలో ఎందుకు కనపడదు?

బావ: కేరళ చూడు. ప్రభుత్వ స్కూళ్లన్నీ ఏనాడో లైనక్స్‌కి మారాయి. ఐటీ ఎట్ స్కూల్ అని మొదలై, ఇప్పుడు కైట్ పేరుతో నడుస్తోంది.

బావమరిది: కేరళలో టీచర్లకి శిక్షణ ఇచ్చారు, పాఠ్యపుస్తకం దాని మీదే రాశారు, చెడితే చూడ్డానికి ఒక సంస్థ నిలబడింది. నాకు ఎవరున్నారు? మీరే. మీరు ఫోనెత్తరు.

బావ: ఫోనెత్తుతాను. అయితే ఇదొక్కటి విను. నీకు గూగుల్ నచ్చింది కాబట్టి ఎంచుకోలేదు, వెనకాల ఎవరూ లేరు కాబట్టి ఎంచుకున్నావు. ఆ ఖాళీని కంపెనీ నింపుతోంది. తప్పు నీది కాదు. కానీ ఖాళీ నింపేవాడికి ఖాళీ చేసే హక్కూ ఉంటుంది, అదే నా భయం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం నడిపిన రిచర్డ్ స్టాల్‌మన్ 2010లో క్రోమ్ ఓఎస్ గురించి ఇదే గోల పెట్టాడు. మన సమాచారం మన యంత్రంలో కాకుండా పరుల యంత్రంలో పెట్టుకోవడం అజాగ్రత్త అన్నాడు. అప్పుడు చాదస్తం అన్నారు.

బావమరిది: స్టాల్‌మన్ మాట వింటే సెల్‌ఫోను కూడా వాడకూడదు. మన కేంద్ర ప్రభుత్వమే బ్రౌజర్‌లోకి వచ్చేసింది బావా. జీఎస్టీ రిటర్ను పోర్టల్‌లో, డిజిలాకర్ పోర్టల్‌లో. కేంద్ర ఉద్యోగుల మెయిళ్లు, దాదాపు 12 లక్షలు, జోహో కంపెనీ వేదిక మీదికి మార్చారు. ఎలక్ట్రానిక్స్ మంత్రిత్వ శాఖ స్వదేశీ బ్రౌజర్ పోటీ పెడితే 2025 మార్చిలో జోహో వాళ్ల ఉలా బ్రౌజర్‌కే మొదటి బహుమతి ఇచ్చారు. పోటీ పెట్టింది బ్రౌజర్‌కి, గమనించండి. కంప్యూటర్ అంటే బ్రౌజరేనని కేంద్ర సర్కారు కూడా తేల్చేసింది.

బావ: ఎవడి బ్రౌజర్ అన్న భయం సర్కారుకు కూడా ఉందన్నమాట. అందుకే కదా పోటీ పెట్టింది. సర్కారు జోహోతో ఒప్పందం కాగితం మీద రాసుకుంటుంది, షరతులు పెడుతుంది. నీ ఎనిమిదో తరగతి పిల్లాడు ‘అంగీకరిస్తున్నాను’ నొక్కుతాడు. 2022లో డెన్మార్క్‌లో హెల్సింగోర్ అనే చోట స్కూళ్లలో క్రోమ్‌బుక్‌లు, గూగుల్ సేవలు వాడొద్దని అక్కడి డేటా రక్షణ అధికారులు ఆపేశారు. పిల్లల సమాచారం ఎటు పోతుందో ఆ పురపాలక సంఘం ముందే సరిగ్గా బేరీజు వేయలేదని. మన 2023 డేటా రక్షణ చట్టం కూడా పద్దెనిమిదేళ్లలోపు వాళ్ల సమాచారానికి తల్లిదండ్రుల అంగీకారం కావాలంటోంది. నీ ఉత్తరంలో దాని ఊసే లేదు.

బావమరిది: పిల్లలకి ఖాతాలే ఇవ్వను. గెస్ట్ మోడ్‌లో తెరుస్తారు, క్లాసు అయ్యాక మూస్తే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. రాసుకున్నది పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటారు.

బావ: అది పనికొచ్చే మాట. మరి అప్‌డేట్ల గడువు? గూగుల్ ఏం రాసిందో చూశావా?

బావమరిది: చూశాను. మొదట్లో క్రోమ్‌బుక్‌లకి అప్‌డేట్లు ఐదారేళ్లే. 2023లో అమెరికాలో పర్గ్ అనే వినియోగదారుల సంస్థ, బాగున్న మిషన్లని తేదీ చెల్లిందని చెత్తలో వేస్తున్నారని నివేదిక ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో గూగుల్ పదేళ్లకి పెంచింది. ఫ్లెక్స్‌కి ఒక్కో మోడల్‌కి ఒక్కో సంవత్సరం జాబితాలో ఉంది. అరిస్తే వింటారని ఇక్కడ తేలింది కదా?

బావ: అరిచింది ఎవరు? లక్షల్లో కొనే అమెరికా స్కూళ్లు. నీ ల్యాబు అరిస్తే ఎంత దూరం వినిపిస్తుంది? ఢిల్లీలో పదకొండు నెలల అద్దె అగ్రిమెంటు రాసుకుంటాం చూడు, పన్నెండో నెలలో ఉంచడమా పంపడమా యజమాని ఇష్టం. ఈ తేదీ కూడా అలాంటిదే. తేడా ఏమిటంటే అగ్రిమెంటులో తేదీ మనకి చూపించి సంతకం పెట్టిస్తారు.

బావమరిది: విండోస్ 10 మాత్రం? పదేళ్లు నడిపి మైక్రోసాఫ్ట్ వదిలేయలేదా? అందువల్లే కదా ఈ ఉత్తరం. మీ యజమాని మంచివాడు, మా యజమాని చెడ్డవాడు అంటే ఒప్పుకోను.

బావ: ఇద్దరూ ఒకటే. కానీ వదిలేశాక ఏం మిగులుతుందో చూడు. విండోస్‌లో క్రోమ్ ఆగితే ఫైర్‌ఫాక్స్ వేస్తావు, అదీ ఆగితే నెట్ తీసేసి ట్యాలీ, టైపింగు నడిపించుకుంటావు. నీ దాంట్లో బ్రౌజరే వ్యవస్థ. అది పాతబడితే బ్యాంకు సైటు ముందు మొరాయిస్తుంది, తర్వాత మెయిలు, తర్వాత పాఠాల పేజీ. మార్చుకుందామంటే రెండోది ఉండదు. ఇంకొకటి, 2010లో జీమెయిల్ తయారుచేసిన పాల్ బుక్‌హైటే ఏమన్నాడు? క్రోమ్ ఓఎస్‌ని మూసేస్తారు, లేకపోతే ఆండ్రాయిడ్‌లో కలిపేస్తారని.

బావమరిది: ఏడాదిలో జరుగుతుందన్నాడు. పదిహేనేళ్లు బతికింది.

బావ: 2025లో గూగులే చెప్పింది కదా, రెండింటినీ ఒకే వేదిక చేస్తున్నామని. బామర్ వెక్కిరించిందీ అదే. పదిహేనేళ్లు ఆలస్యమైనా మాట నిజమవుతోంది. అందుకే మన జనం ఈ ఓఎస్‌లు వచ్చిన ప్రతిసారీ నెట్ ఉంటుందా, ర్యామ్ ఎంత, వేగమెంత అని అడిగి, అడగాల్సింది వదిలేశారంటున్నాను. ఎవరు వస్తారు అందులోకి? ఎప్పుడు వెళ్లిపోతారు? వెళ్లిన రోజు నా వస్తువు నాతో ఉంటుందా? 1,999 ఫోనుకీ ఇదే, 12,999 ల్యాప్‌టాపుకీ ఇదే.

బావమరిది: ఆ మూడూ ఉత్తరంలో చేరుస్తాను. ప్రతి మోడల్‌కి గూగుల్ జాబితాలో ఉన్న చివరి సంవత్సరం రాస్తాను. అది మూడేళ్లకంటే తక్కువున్న మిషన్‌లో ఎక్కించను. పిల్లలకి ఖాతాలు లేవు, పని అంతా వాళ్ల పెన్‌డ్రైవ్‌లో, ఏ యంత్రంలోనైనా తెరుచుకునే రూపంలో. మిగిలిపోయిన మిషన్లు మీకు ఇస్తాను, లైనక్స్ ఎక్కించి ఇవ్వండి. విప్పి చూడాలనుకునే పిల్లలు వాటి దగ్గర కూర్చుంటారు. ఇప్పుడైనా సంతకం పెడతారా?

బావ: పెట్టను. నాకు ఇప్పటికీ ఇది ఒకరి దయ మీద నడిచే ల్యాబు. కానీ ఉత్తరాన్ని అడ్డుకోను, లైనక్స్ మిషన్లకి ర్యామ్ నా కొట్టు నుంచి తెస్తాను. ఒక్క పని చెయ్యి. ప్రతి మిషన్ మీద దాని గడువు సంవత్సరం పెద్ద అక్షరాలతో అతికించు. పిల్లలకి కనపడాలి.

బావమరిది: గూగుల్ వాటి మీదేనా? విండోస్ వాటి మీద కూడా వెయ్యమంటారా?

బావ: అన్నిటి మీదా వెయ్యి. టీవీ మీదా, ఫోను మీదా కూడా. ఆ పిల్లలు పెద్దవాళ్లయి నా కౌంటర్ దగ్గరికి వచ్చి, ధర కంటే ముందు తేదీ అడిగితే, అప్పుడు కంపెనీలు దాన్ని పెట్టె మీద ముద్రించక తప్పదు.